కారున్న పేదవాడు

మా మదర్సాలో ఖుదూరీ పాఠం జకాత్ అధ్యాయానికి చేరింది. నివసించే ఇంటి మీద, ధరించే దుస్తుల మీద, ఇంటి సామాను మీద, స్వారీకి వాడే జంతువు మీద జకాత్ లేదని చదివాము. మర్నాడు జకాత్ పుచ్చుకునే అర్హత ఎవరిదన్న ప్రస్తావన వచ్చింది. ఇల్లు, వాహనం ఉన్నప్పటికీ, అవసరాలకు మించి నిసాబ్‌కు సరిపడే సంపద లేనివాడు జకాత్ పుచ్చుకోవచ్చునని వివరించాము. వెనుక వరుసలోని ఒక పదిహేనేళ్ల విద్యార్థి లేచి నిలబడి, "హజ్రత్, ఇల్లూ కారూ ఉన్నవాడు పేదవాడెలా అవుతాడు?" అని అడిగాడు. తరగతిలో అందరూ నవ్వారు. ప్రశ్న మాత్రం సబబైనదే. మన వీధిలో కారున్న ఇంటికి ఎవరైనా జకాత్ సొమ్ము తీసుకువెళితే ఆ ఇంటివారే చిన్నబుచ్చుకుంటారు.

ఆ కుర్రవాడికి మేము చెప్పిన ఉదాహరణ అమెరికాది. 2020 ఏప్రిల్‌లో, కరోనా తొలి నెలల్లో, టెక్సాస్ రాష్ట్రంలోని సాన్ ఆంటోనియోలో ఒక ఫుడ్ బ్యాంకు ఉచితంగా ఆహారం పంచింది. ఒక్క రోజున సుమారు 10 వేల కుటుంబాలు వచ్చాయి. వచ్చినవారు వచ్చినట్టు కార్లలో వరుస కట్టారు. పైనుండి తీసిన ఛాయాచిత్రంలో మనుషులు కనిపించరు, బారులు తీరిన కార్ల కప్పులే కనిపిస్తాయి. ఆ చిత్రం మన ఫోన్లలోకి కూడా వచ్చింది. "కార్లలో వచ్చి మరీ అడుక్కుంటున్నారు" అన్న హేళనతో మాకు దానిని పంపినవారు చదువుకున్నవారే.

కరోనా ఆ పేదరికాన్ని బయటపెట్టింది గాని పుట్టించలేదు. అంతకు ఇరవై ఏళ్ల ముందు నుండే అది అమెరికా నగరాల చుట్టూ ఉన్న సబర్బులలో పెరుగుతూ వచ్చింది.

సబర్బు అన్న మాటను మన పత్రికలు 'శివారు' అని అనువదిస్తాయి. అక్కడే మనకు పొరపాటు కలుగుతుంది. మన దగ్గర ఊరి శివారు అనగానే రేకుల ఇళ్లు, నీటి ట్యాంకరు కోసం నిలబడ్డ బిందెలు గుర్తుకు వస్తాయి. అమెరికాలో దీనికి తలకిందులు. అక్కడ పేదలు నగరం నడిబొడ్డున ఉండేవారు, కలిగినవారు శివారుకు తరలిపోయేవారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు తిరిగి వచ్చిన కాలంలో, 1947లో, న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండులో బంగాళాదుంప పొలాలు కొని, విలియం లెవిట్ అనే నిర్మాణదారు ఒకే మూస ఇళ్లు కట్టనారంభించాడు. నాలుగేళ్లు గడిచేసరికి 17 వేలకు పైగా ఇళ్లు లేచాయి. దానికి లెవిట్‌టౌన్ అని పేరు. ఇంటి వెల 7,990 డాలర్లు. మాజీ సైనికుడికి ప్రభుత్వ హామీతో అప్పు దొరికేది, ముందుగా చెల్లించవలసిన సొమ్ము కూడా అక్కరలేదు. ఇంటి ముందు పచ్చిక, పక్కన కారు. ఇదే అమెరికా అని లోకం నమ్మింది. అయితే ఆ ఇళ్లు నల్లజాతివారికి ఇవ్వరాదని ఒప్పంద పత్రంలోనే రాసుకున్నారు. నల్ల సైనికుడు కూడా ఆ యుద్ధంలో పోరాడినవాడే. అయినా అతడికి ఆ ఇల్లు దక్కలేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పని ఉన్నది.

1962లో మైకేల్ హారింగ్టన్ అనే రచయిత అమెరికాలోని పేదల గురించి ఒక పుస్తకం రాశాడు, దాని పేరు 'ది అదర్ అమెరికా'. ఆయన ముఖ్య ఫిర్యాదు ఏమిటంటే పేదలు ఎవరికీ కనబడడం లేదని. కలిగినవారు సబర్బులకు వెళ్లిపోయారు, వేగంగా పోయే రహదారి మీద నగరంలోకి వచ్చి పని చూసుకుని వెళ్లిపోతున్నారు, మధ్యలో ఉన్న పేదవాడల మీద వారి చూపు పడడం లేదు. ఆ పుస్తకం వచ్చిన రెండేళ్లకు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించాడు. ఆనాడు పుట్టిన పథకాలు, కార్యాలయాలు, సేవాసంస్థలు పేదలు ఉన్న చోటనే, అంటే నగరాల నడుమ, అపలాచియా కొండల వంటి గ్రామీణ ప్రాంతాలలో వేళ్లూనుకున్నాయి. అది సహజమే. రోగి ఉన్న వీధిలోనే వైద్యుడు దుకాణం తెరుస్తాడు.

ఆ తరువాత రోగి వీధి మారాడు. బ్రూకింగ్స్ సంస్థకు చెందిన ఎలిజబెత్ నీబోన్, అలన్ బెరూబే అనే ఇద్దరు పరిశోధకులు 2013లో ఒక పుస్తకం ప్రకటించి ఈ మార్పును లెక్కలతో చూపారు. 2000 నుండి 2011 వరకు సబర్బులలో పేదల సంఖ్య 64 శాతం పెరిగింది. నగరాలలో పెరిగింది 29 శాతం. 2011 నాటికి పెద్ద మహానగర ప్రాంతాల సబర్బులలో పేదలు 1 కోటి 64 లక్షలు కాగా, వాటి నడుమనున్న నగరాలలో 1 కోటి 34 లక్షలు. జనాభాలో పేదల నిష్పత్తి ఇప్పటికీ నగరాలలోనే ఎక్కువ, ఆ మాట దాచకూడదు. తలలు లెక్కపెడితే మాత్రం సబర్బులదే పైచేయి.

ఎందుకిలా జరిగిందని అడిగితే ఒక్క కారణం చెప్పడానికి వీలు లేదు. నగరాల నడుమ పాత పేటలు మళ్లీ ఖరీదైనవయ్యాయి, అద్దెలు భరించలేనివారు బయటికి జరిగారు. చికాగో వంటి నగరాలలో ప్రభుత్వం కట్టించిన పేదల బహుళ అంతస్తుల భవనాలను కూల్చివేసి, అద్దెకు సహాయపత్రాలు ఇచ్చారు. వాటితో అద్దె ఇల్లు దొరికిన చోటికి జనం పోయారు. ఫ్యాక్టరీలు, గిడ్డంగులు, దుకాణాలు బయటి రహదారుల పక్కకు తరలాయి, వాటితో పాటు తక్కువ జీతాల పనులూ తరలాయి. వలస వచ్చినవారు పూర్వంలాగా నగరంలో దిగకుండా నేరుగా సబర్బులలోనే దిగుతున్నారు. 2007 తరువాత గృహరుణాలు బెడిసికొట్టి లక్షల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. వీటన్నిటికంటె తక్కువగా చెప్పుకునే కారణం మరొకటి ఉన్నది. కొత్త పేదలలో చాలామంది ఎక్కడినుండో వచ్చినవారు కారు. ఆ ఇంట్లోనే, ఆ వీధిలోనే, అదే పచ్చిక వెనుక ఏళ్ల తరబడి ఉన్నవారు. మనుషులు కదలలేదు, ఆదాయం దిగజారింది. ఇల్లు మాత్రం బయటికి నిన్నటిలాగానే కనిపిస్తుంది.

పేదవాడు అని అమెరికా ప్రభుత్వం ఎవరిని అంటుంది? దాని కొలబద్ద 1963 ప్రాంతంలో మాలీ ఆర్షాన్‌స్కీ అనే ప్రభుత్వోద్యోగిని తయారుచేసినది. అప్పటి కుటుంబాలు ఆదాయంలో మూడవ వంతు తిండికి ఖర్చు చేసేవి. కనుక అతి పొదుపుగా తింటే ఎంత అవుతుందో లెక్క కట్టి, దానిని మూడింతలు చేసి, అదే పేదరికపు రేఖ అన్నారు. ఆనాటి నుండి ధరల పెరుగుదలను బట్టి ఆ అంకెను పెంచుతూ వస్తున్నారు గాని పద్ధతి అదే. ఈనాడు తిండి కంటె ఇంటి అద్దె, వైద్యం, పిల్లల సంరక్షణ, కారు ఎక్కువ తింటాయి. సహాయ పథకాల కోసం 2024లో ప్రకటించిన రేఖ నలుగురి కుటుంబానికి సంవత్సరానికి 31,200 డాలర్లు. అలాస్కా, హవాయి తప్ప దేశమంతటికీ ఇదే అంకె. మిసిసిపీ పల్లెకూ న్యూయార్క్ సబర్బుకూ భేదం లేదు. ఇక ఫెడరల్ కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు, 2009 నుండి అది మారలేదు. చాలా రాష్ట్రాలు అంతకంటె ఎక్కువ నిర్ణయించుకున్నాయి, టెక్సాస్ వంటివి నిర్ణయించుకోలేదు. భార్యాభర్తలిద్దరూ ఆ వేతనానికి వారానికి 40 గంటల చొప్పున ఒక్క వారం కూడా మానకుండా ఏడాదంతా పనిచేస్తే వచ్చేది 30,160 డాలర్లు. ఇద్దరు పిల్లలున్న ఆ ఇల్లు రేఖకు దిగువనే ఉంటుంది. వారిని సోమరులని ఎవరు అనగలరు?

మన లక్షాధికారులను అమెరికా డాలరును రూపాయిలోకి మార్చి గుణించే అలవాటు పట్టి పీడిస్తున్నది. 30 వేల డాలర్లనగానే పాతిక లక్షలు దాటిందని మురిసిపోతారు. ఆ పాతిక లక్షలతో అక్కడి అద్దె కట్టాలని ఎవరూ గుర్తుచేయరు.

ఇక కారు సంగతి. సబర్బును కట్టిందే కారు కోసం. ఇళ్లు ఒకచోట, దుకాణాలు మరొకచోట, బడి ఇంకొకచోట, ఆసుపత్రి ఎక్కడో. చాలా వీధులకు నడిచేవాడి కోసం కాలిబాట కూడా ఉండదు. బస్సు ఉన్నా గంటకొకటి. 2011లో బ్రూకింగ్స్ సంస్థ పెద్ద మహానగర ప్రాంతాలను పరిశీలించి చెప్పినదేమంటే, సగటు నివాసి బస్సు లేదా రైలు ఎక్కి గంటన్నరలో చేరుకోగలిగిన ఉద్యోగాలు ఆ ప్రాంతంలోని మొత్తం ఉద్యోగాలలో 30 శాతమేనని. డెట్రాయిట్ చుట్టుపక్కల సబర్బులకైతే, కావాలంటే బస్సు వ్యవస్థలో చేరకుండా ఉండే హక్కు దశాబ్దాలపాటు ఉండేది. పన్ను తప్పుతుందని అనేక పట్టణాలు బస్సు వద్దన్నాయి. ఓక్లండ్ కౌంటీ ప్రజలు 2022లో ఓటు వేసి ఆ పద్ధతిని తమ కౌంటీలో రద్దు చేశారు.

ఇటువంటి చోట కారు అమ్ముకుంటే ఉద్యోగం పోతుంది. ఉంచుకుంటే పెట్రోలు, బీమా, మరమ్మతులు జీతాన్ని తింటాయి. పేదవాడి కారు పాతది గనుక మరమ్మతులు ఎక్కువ. వెనుక దీపం వెలగకపోతే పోలీసు ఆపుతాడు, జరిమానా వేస్తాడు. జరిమానా కట్టలేక వాయిదాకు హాజరుకాకపోతే లైసెన్సు పోవచ్చు. లైసెన్సు లేదని ఇంట్లో కూర్చుంటే పని పోతుంది, కారు తీస్తే మరొక నేరం. మా విద్యార్థి కారును చూసి ధనమన్నాడు. సబర్బులోని పేదవాడికి అది ధనం కాదు, కాలికి బదులు పెట్టుకున్న కర్ర. ఆ కర్రకు ప్రతి నెలా అద్దె కట్టాలి.

మిస్సోరి రాష్ట్రంలోని ఫెర్గూసన్ పేరు పాఠకులలో కొందరికి గుర్తుండవచ్చు. 2014 ఆగస్టు 9న అక్కడ మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి యువకుడిని పోలీసు కాల్చి చంపాడు. నెలల తరబడి నిరసనలు జరిగాయి. వార్తలలో జాతి వివక్ష గురించి చర్చ నడిచింది, అది నడవవలసినదే. కాని ఫెర్గూసన్ సెయింట్ లూయిస్ నగరపు సబర్బు అన్న సంగతి తక్కువమంది గమనించారు. 1970లో ఆ ఊరి జనాభాలో నూటికి 99 మంది తెల్లవారు. 2010 నాటికి నూటికి 67 మంది నల్లవారు. లెవిట్‌టౌన్ కాలంలో సబర్బు తలుపు వారికి మూసి ఉండేది. ఆ తలుపు తెరుచుకునేసరికి తెల్లవారు ఇంకా దూరపు సబర్బులకు పోయారు, వారితో పాటు పెట్టుబడీ పోయింది. 2000 తరువాతి పన్నెండేళ్లలో ఫెర్గూసన్‌లోని పేదల సంఖ్య రెండింతలయింది. ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు పేదరికపు రేఖకు దిగువన చేరారు.

సెయింట్ లూయిస్ కౌంటీలో ఇటువంటి చిన్న పురపాలికలు 90 వరకు ఉన్నాయి. ఒక్కొక్కదానికి వేరే మేయరు, చాలావాటికి వేరే పోలీసులు, వేరే న్యాయస్థానం. 20 వేల జనాభా ఉన్న ఊరు ఇంత యంత్రాంగాన్ని ఏ పన్నులతో నడుపుతుంది? ఫెర్గూసన్ జరిమానాలతో నడిపింది. అమెరికా న్యాయశాఖ విచారణ జరిపి 2015 మార్చిలో ఇచ్చిన నివేదికలో ఈ లెక్క ఉన్నది. 2010లో జరిమానాలు, రుసుముల ద్వారా వచ్చినది 13 లక్షల 80 వేల డాలర్లు. 2015 సంవత్సరానికి ఇవి 30 లక్షలు దాటుతాయని పురపాలిక ముందుగానే బడ్జెట్టులో రాసుకున్నది. జనం ఇంకా చేయని తప్పులకు ఆదాయపు పద్దు తెరిచినట్టు. 2014 డిసెంబరు నాటికి ఆ ఊరి న్యాయస్థానం జారీచేసిన అరెస్టు వారంట్లు 16 వేల మందికి పైగా మనుషుల మీద వేలాడుతున్నాయి.

ఆ నివేదికలో ఒక స్త్రీ ప్రస్తావన ఉన్నది. పేరు ఇవ్వలేదు. 2007లో ఆమె ఒకసారి తన కారును నిలపకూడని చోట నిలిపింది. రెండు చలానాలు, 151 డాలర్ల జరిమానా, ఆపైన రుసుములు పడ్డాయి. ఆమె దగ్గర సొమ్ము లేదు, కొంతకాలం ఉండడానికి ఇల్లు కూడా లేదు. వాయిదాలకు హాజరుకాలేదని మరి ఏడు అభియోగాలు మోపారు, ప్రతిదానికీ మళ్లీ జరిమానా. ఆరు రోజులు జైలులో ఉంచారు. ఒకసారి 25 డాలర్లు, మరొకసారి 50 డాలర్లు పంపితే, మొత్తం ఒకేసారి కట్టాలని న్యాయస్థానం వాటిని తిప్పి పంపింది. ఏడేళ్లు గడిచిన తరువాత లెక్క చూస్తే ఆమె 550 డాలర్లు చెల్లించింది, ఇంకా 541 డాలర్లు బాకీ ఉన్నది. వడ్డీ వ్యాపారి పద్దుపుస్తకాలు మేము కొన్ని చూశాము. వాటిలో కూడా ఇటువంటి పద్దు అరుదు. 2015లోనే మిస్సోరి శాసనసభ పురపాలికలు జరిమానాల నుండి రాబట్టుకోగల ఆదాయానికి పరిమితి తగ్గిస్తూ చట్టం చేసింది. ఒక యువకుడి ప్రాణం పోతే గాని ఈ పద్దు తెరిచి చూసినవారు లేరు.

మరి సహాయం సంగతి ఏమిటంటే, అది పాత చిరునామాలోనే చాలావరకు మిగిలిపోయింది. స్కాట్ అలార్డ్ అనే పరిశోధకుడు 2017లో ప్రచురించిన పుస్తకంలో ఇదే వివరించాడు. పేదలకు సేవ చేసే సంస్థలు, వాటి నిధులు, అనుభవం గల సిబ్బంది నగరాలలో పోగై ఉన్నారు, సబర్బులలో పేదవాడి తలకు అందేది తక్కువ. సబర్బులోని దాతలకు కూడా పేదవాడంటే నగరంలో ఉండేవాడే. విరాళం అక్కడికే పంపుతారు. పక్క వీధిలో బడికి పోయే పిల్లవాడు ఉచిత భోజనం పట్టికలో ఉన్నాడని బడి గుమాస్తాకు మాత్రమే తెలుసు. ఆ పిల్లవాడి తల్లి కూడా ఎక్కడికి వెళ్లి అడగాలో ఎరుగదు, ఎందుకంటే ఆమె జీవితంలో అంతకుముందు ఎవరినీ అడిగి ఉండలేదు.

అమెరికాలోని ముస్లిముల స్థితి ఇందుకు భిన్నంగా లేదు. వారంతా వైద్యులు, ఇంజనీర్లేనని మనం అనుకుంటాము. 2017లో ప్యూ పరిశోధనా సంస్థ జరిపిన సర్వేలో, ఏడాదికి లక్ష డాలర్లు, అంతకు మించి వచ్చే ముస్లిం కుటుంబాలు 24 శాతం కాగా, 30 వేల డాలర్ల లోపు వచ్చేవి 40 శాతం. దేశ ప్రజలందరిలో చూస్తే ఆ దిగువ వరుసలో ఉన్నది 32 శాతం. చికాగో సబర్బు బ్రిడ్జ్‌వ్యూలోని పెద్ద మసీదు వంటి చోట్ల ఆహార పంపిణీ కేంద్రాలు నడుస్తున్నాయంటే, ఆ చుట్టుపక్కల ఆ అవసరం ఉన్నదన్నమాట.

ఇక్కడ మాకు తెలిసిన ఒక ఇంటి విషయం చెప్పకుండా ఉండలేము. మా దగ్గర హిఫ్జ్ పూర్తిచేసి, తరువాత ఇంజనీరింగ్ చదివిన ఒక యువకుడు కొన్నేళ్లుగా డల్లాస్ సమీపంలోని ఒక సబర్బులో భార్యాపిల్లలతో ఉంటున్నాడు. ఇంటి ముందు పచ్చిక, తెల్లని కారు. ఆ ఛాయాచిత్రం ఇక్కడ అతడి తండ్రి ఇంటి గోడ మీద పటం కట్టి ఉన్నది. ఆదివారాలు తమ మసీదులో ఆహారపు పెట్టెలు పంచే పనికి వెళతాడు. వచ్చినవారు కారు దిగనక్కరలేదు, వెనుక డిక్కీ తెరిస్తే చాలు, వీరు పెట్టె అందులో ఉంచి మూసేస్తారు. కారు ఏ కంపెనీదో చూడవద్దని కొత్తగా వచ్చినవారికి ముందే చెబుతారట. పెద్ద కారులో వచ్చినవాడి మీద వ్యాఖ్యానించే చాపల్యం అక్కడ కూడా ఉంటుంది గదా.

క్రితం రంజాన్‌లో అతడు ఫోన్ చేసినప్పుడు మా తరగతిలో వచ్చిన ప్రశ్న అతడికి చెప్పాము. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. అంతకు ముందు ఏడాది ఉద్యోగం పోయి అయిదు నెలలు ఖాళీగా ఉన్నాడు. ఇంటి రుణం వాయిదా, కారు వాయిదా, పిల్లవాడి ఆస్తమా మందులు. దాచుకున్నది మూడు నెలల్లో అయిపోయింది. సరిగా ఆ రోజులలోనే ఇక్కడ చెల్లెలి పెళ్లి కుదిరింది. షాదీఖానా బయానాకు, వలీమా వంటవారికి డబ్బు పంపమని ఇంటినుండి ఫోను. లేదనడానికి నోరు రాలేదు. క్రెడిట్ కార్డు మీద తీసి పంపాడు. ఆ అప్పు ఇంకా తీరుస్తున్నాడు. ఆ నెలలలో తానూ ఆహారపు వరుసలో నిలబడ్డాడు. తమ మసీదులో కాదు, అక్కడ అందరూ ఎరిగినవారే. నలభై నిమిషాల దూరంలో ఉన్న మరొక ఊరికి కారు నడుపుకుంటూ వెళ్లేవాడు, ఆ పెట్రోలు ఖర్చు కూడా లెక్కవేసుకుంటూ. "డిక్కీ తెరిచే బటన్ నొక్కి, అద్దంలోకి చూడకుండా ముందుకే చూస్తూ కూర్చునేవాడిని, హజ్రత్. ఇన్నాళ్లూ పెట్టెలు పెట్టినవాడినే గదా, వెనుక నిలబడ్డవారికి మన ముఖం అద్దంలో కనిపిస్తుందని నాకు తెలుసు" అన్నాడు.

ఇప్పుడు అతడికి మళ్లీ ఉద్యోగం దొరికింది, మునుపటి కంటె తక్కువ జీతానికి. ఈ సంగతి పేరు, ఊరు లేకుండా మా శీర్షికలో రాయవచ్చునా అని అడిగాము. రాయండన్నాడు. ఇంటివారికి తెలిసిపోతే ఇబ్బంది గదా అన్నాము.

"మా అబ్బా మీ పత్రిక ప్రతి నెలా చదువుతారు, హజ్రత్. రాయండి" అన్నాడు.